పూజలో పెట్టిన కంప్యూటర్లు

కంప్యూటర్లు పాడుచేసినవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఒకరు కీబోర్డు మీద టీ ఒలకబోస్తారు, ఒకరు ఎక్కడో ఏదో నొక్కి వైరస్ ఎక్కిస్తారు, ఇంకొకరు దుమ్ము దులుపుతూ తెర పగలగొడతారు. నేను వీళ్ళందరికంటే ఒక మెట్టు పైన. ఒక్క తీగ తెగకుండా, ఒక్క చుక్క నీళ్ళు పడకుండా, కరెంటు నిక్షేపంగా ఉండగా, గది నిండా ఉన్న కంప్యూటర్లను మనిషన్నవాడు ముట్టుకోవడానికి వీల్లేకుండా చేశాను. అది కూడా ఒక అమ్మాయి ఉద్యోగం వాటి మీదే ఆధారపడి ఉన్న రోజున. ఎలా చేశానో చెబుతాను. కాస్త ఓపిక పట్టండి. నా దగ్గరున్న ఓపిక ఆ రోజుల్లోనే అయిపోయింది, మీ దగ్గరున్నదే వాడుకోవాలి.

అప్పుడు నాకు నలభై నిండలేదు. రాణిగంజ్‌లో నీళ్ళ పంపులమ్మే ఒక కంపెనీలో లెక్కలు చూసేదాన్ని. ఉదయం కుక్కర్ ఈలతో మొదలైన నా పరుగు రాత్రి గిన్నెల చప్పుడుతో ఆగేది. మధ్యలో కూర్చున్నానంటే అది ఆఫీసు కుర్చీలోనే. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పద్మారావు నగర్‌లో మా వీధి సంఘం సమావేశం పెట్టింది. స్టేషన్ దగ్గర ఏదో ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తున్నారట. వీధిలో పిల్లలకు నేర్పిస్తామంటే ఊరికే ఇస్తారట.

"నేర్పడానికి మనలో ఎవరు ముందుకొస్తారు?" అని అడిగారు సంఘం కార్యదర్శి గారు.

సరిగ్గా అప్పుడే నాకు ఆవలింత వచ్చింది. మర్యాదస్తురాలిని కనుక నోటికి అడ్డం పెట్టుకుందామని చెయ్యెత్తాను. ఆ చెయ్యి నోటిదాకా చేరనేలేదు, చప్పట్లు మొదలయ్యాయి.

"ఆవలించానని చెప్పకపోయావా?" అన్నారు ఇంటికొచ్చాక మా ఆయన.

"అందరూ చప్పట్లు కొడుతుంటే ఎలా చెప్పనండీ?"

"సరే, ఇకనుంచి ఆవలింతలు ఇంట్లోనే కానిచ్చుకుని వెళ్ళు."

మా ఆయన సానుభూతి ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

గది ఇచ్చింది అనసూయమ్మ గారు. మా పక్క సందులో సొంతిల్లు, ఒక్కరే ఉంటారు. ముందు గదిలో ఒకప్పుడు వాళ్ళాయన హోమియో మందులిచ్చేవారట. ఆ తియ్యటి మందు వాసన ఇంకా గోడలను వదల్లేదు. ఆవిడది రాజమండ్రి, మాది కాకినాడ. ఆ గోదావరి చుట్టరికంతో నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. గదికి అద్దె వద్దన్నారు గానీ షరతులు పెట్టారు. చెప్పులు వీధిలోనే విడవాలి. ఎగ్ పఫ్ గడప దాటకూడదు. దీపం పెట్టే వేళకు కేకలు వినబడకూడదు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే బల్ల మీద మోచేతులు ఆనించకూడదు. చివరిది ఎలా అమలు చేయాలో నాకు ఈనాటికీ తెలియదు.

కంప్యూటర్లు ట్రాలీ ఆటోలో వచ్చాయి. వాటిని చూడగానే ఎందుకో నా మీద నాకే జాలేసింది, అవి కూడా నాలాగే బాగా వాడేసినవి. తెరలు పసుపురంగుకు తిరిగాయి. ఒకటి ఆన్ చేస్తే బోరు వేస్తున్న చప్పుడు. ఒకటి పొద్దున నొక్కితే భోజనాల వేళకు కళ్ళు తెరిచేది. ఒకదాని కీబోర్డులో సగం అక్షరాలు అరిగిపోయి, ఏ మీట ఏదో గుర్తుపెట్టుకున్నవాడే పండితుడు. మొత్తం గుంపులో చురుకైనది ఒక్కటే. ఇంటర్నెట్ తీగ కూడా దాని బల్ల దాకానే వచ్చింది. దాని జబ్బు ఒక్కటే, పక్కన అరచేత్తో ఒక్కటిస్తే గానీ మేలుకోదు. పిల్లలు దానికి పహిల్వాన్ అని పేరు పెట్టారు.

పిల్లలంటే మరీ చిన్నవాళ్ళు కాదు. ఇంటర్ చదివేవాళ్ళు, డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తోచనివాళ్ళు. ఫోనులో ప్రపంచమంతా చూసినవాళ్ళే గానీ కీబోర్డు ముందు కూర్చోబెడితే పెళ్ళిపీటల మీద కూర్చున్నంత బిగుసుకుపోయేవాళ్ళు. మధ్యాహ్నం నుంచే వచ్చి సాధన పేరుతో గది నింపేసేవాళ్ళు. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచీ విడవకముందే మొదలు.

"మేడం, నా ఫైలు పోయింది."

"ఎక్కడ పెట్టావు నవీన్?"

"కంప్యూటర్లనే పెట్టిన మేడం."

కాసేపటికి మళ్ళీ వాడే, "మేడం, ఇది ఏందో అడుగుతున్నది. ఎస్ కొట్టాల్నా, నో కొట్టాల్నా?"

"ఏమడుగుతోంది?"

"సదవలే మేడం. ఎస్ కొట్టేసిన."

రోజూ ఇదే. రాత్రి కలలో కూడా ఎవరో నన్ను ఎస్సా, నోనా అని అడుగుతుండేవారు.

వాళ్ళందరిలో నన్ను విసిగించని పిల్ల ఒక్కతే, మమత. వాళ్ళ నాన్న యాదగిరి తిరుమలగిరి నుంచి స్టేషన్ దాకా ఆటో నడిపేవాడు. మమత డిగ్రీ పూర్తిచేసి, బొల్లారం వైపు ఒక కంపెనీలో డేటా ఎంట్రీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. వాళ్ళు ఆన్‌లైన్‌లో టైపింగ్ పరీక్ష పెడతారు, అందులో నెగ్గితే పని. నెగ్గకపోతే మేనత్త నడిపే కర్రీ పాయింట్‌లో చేరాలని ఇంట్లో మాట అయిపోయింది. అక్కడ మొదటి ఉద్యోగం ఉల్లిగడ్డలు కోయడం. ఉల్లిగడ్డ పేరు వింటేనే మమతకు కళ్ళు ఎర్రబడేవి.

"మేడం, ఒక్క దినం పోయి కోసొచ్చిన. రెండు దినాలు ఏడుస్తనే ఉన్న. ఈ జాబ్ నాకు రావాలె మేడం, ఎట్లనన్నా రావాలె" అనేది, పహిల్వాన్‌ను ఒక్కటిచ్చి లేపి. ఆ తరువాత టకటకమని మొదలుపెట్టిందంటే గదిలో వాన కురిసినట్టుండేది. ఆ పిల్లను చూస్తే మాత్రం ఈ వెట్టిచాకిరీకి ఏదో అర్థముందనిపించేది.

ఇంతలో దసరా వచ్చింది. మా ఆఫీసువాళ్ళు నాకు మూడు రోజులు సెలవిచ్చారు, అదీ లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళి "వీలున్నప్పుడు కాస్త చూడండమ్మా" అన్న షరతు మీద. ఆ మూడు రోజులూ ఏం చేయాలో నేను ముందే నిర్ణయించుకున్నాను. నిద్రపోవాలి. లేచి కాఫీ తాగి మళ్ళీ నిద్రపోవాలి. పిల్లలకు కూడా సెలవని చెబుదామని గదిలోకి అడుగుపెట్టానో లేదో, నవీన్ ఎదురొచ్చాడు.

"మేడం, మాకు కాలేజీలు బంద్. మీకు సుత ఆఫీస్ లేదంట. ఇగ పొద్దుగాల నుంచి సాయంత్రం దాకా క్లాస్ పెట్టుండ్రి. మస్తుంటది!"

అందరూ చప్పట్లు కొట్టారు. నా జీవితంలో జరిగిన ఘోరాలన్నిటికీ ముందు చప్పట్లే వినిపించాయి.

అప్పుడు తట్టింది నాకు ఉపాయం. మా కాకినాడలో దసరాల్లో మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజ చేసేవారు. పుస్తకాలన్నీ దేవుడి దగ్గర పెట్టి, పసుపూ కుంకుమా వేసేవారు. ఒకసారి పూజలో పెట్టాక దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టుకోకూడదు, చదవకూడదు. ఇంతకంటే గొప్ప పండుగ మరొకటి ఉంటుందా చెప్పండి! నేనైతే లెక్కల పుస్తకం అన్నిటికంటే అడుగున పెట్టేదాన్ని, పొరపాటున కూడా ఎవరి చేతికీ తగలకుండా. మా అమ్మ నా భక్తికి మురిసిపోయేది. పుస్తకాలు పెట్టగా లేనిది కంప్యూటర్లు ఎందుకు పెట్టకూడదు అనుకున్నాను.

వెంటనే అనసూయమ్మ గారి దగ్గరకు వెళ్ళి, గొంతులోకి వీలైనంత భక్తి తెచ్చుకున్నాను.

"పిన్నిగారూ, ఇవి మాత్రం విద్య కాదూ? వీటిని కూడా అమ్మవారి దగ్గర పెడితే ఎలా ఉంటుంది? మూల నాడు పెట్టి దశమి నాడు తీద్దాం."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. "ఎంత మంచి మాటన్నావే సుజాతా! ఈ కాలంలో నీకు ఇలాంటి బుద్ధి పుట్టిందంటే మీ అమ్మ పెంపకం. పూజలో నేనే కూర్చుంటాను. అన్నీ శాస్త్రప్రకారం జరగాలి సుమా."

నాకు శాస్త్రంతో పని లేదు, నిద్రతో పని. సరేనన్నాను.

మూల నాడు పూజ దివ్యంగా జరిగింది. పురోహితులు గారు వచ్చారు. ప్రతి తెర నుదుటా కుంకుమ బొట్టు, ప్రతి పెట్టె మెడలో బంతిపూల దండ. కీబోర్డుల మీద ఆవిడ గుప్పెళ్ళతో అక్షింతలు చల్లారు. నా గుండె కాస్త కలుక్కుమన్నా, మూడు రోజుల నిద్ర తలుచుకుని ఊరుకున్నాను. పైగా ఊపు వచ్చేసి, మా ఆఫీసు లాప్‌టాప్ కూడా తెచ్చి అమ్మవారి పాదాల దగ్గరే పెట్టాను. వీలున్నప్పుడు చూడమన్నారు కదా, ఇక వీలే లేకుండా చేశాను. పిల్లల ముఖాలు మాడిపోయాయి.

"మూడు దినాలు అసలే ముట్టుకోవద్దా మేడం?" అంది మమత.

"ముట్టుకుంటే చదువు రాదమ్మా. నీ పరీక్ష దసరా అయ్యాకే కదా, వేళ్ళకు కూడా కాస్త విశ్రాంతి కావాలి" అన్నాను గంభీరంగా.

నవీన్ నా వైపు అనుమానంగా చూశాడు. "మరి ఫోన్లు సుత పూజలో పెట్టాల్నా మేడం?"

"ఫోన్లు అక్కర్లేదు" అన్నాను వెంటనే. అమ్మవారు ఎక్కడ ఏది అడుగుతుందో నాకు అప్పటికే బాగా తెలిసిపోయింది.

అనసూయమ్మ గారు గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకున్నారు. నేను ఇంటికెళ్ళి పడుకున్నాను. ఎంత నిద్రపోయానంటే, మధ్యలో మా ఆయన రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారట.

నవమి రోజు మిట్టమధ్యాహ్నం. తలకు నూనె పెట్టుకుని, పాత నైటీలో, మిగిలిన పులిహోర నేరుగా గిన్నెలోంచే తింటూ పరమానందంగా ఉన్నాను. వీధిలో హారన్ మోగింది. తొంగి చూస్తే ఒక ఆటో. ముందు రెండు అరటి పిలకలు, చుట్టూ బంతిపూలు, అద్దం మీద పసుపూ కుంకుమ. అందులోంచి మమత దిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనకే బండి మీద నవీన్.

"మేడం! పరీక్ష ఇయ్యాల్నే అంట! ఇప్పుడే మెసేజ్ వచ్చింది. నాలుగు గంటల లోపల రాయాలె, తర్వాత లింక్ పనిచెయ్యది."

"ఇవాళా? నవమి నాడా?"

"వాళ్ళకు పనులన్నీ ఫారిన్ తోటి ఉంటయంట మేడం. వాళ్ళకు నవమి ఏంది, దశమి ఏంది!"

"ఫోనులో రాసెయ్యి."

"ఫోన్ల ఓపెన్ కాదు మేడం. కంప్యూటర్ మీదనే రాయాలె."

"నెట్ సెంటర్లు?" అన్నాను నవీన్ వైపు తిరిగి.

"వారాసిగూడ దాకా తిరిగొచ్చిన మేడం. అన్ని షెట్టర్లు బందే. మా దోస్తులల్ల లాప్‌టాప్ ఉన్నోళ్ళంత దసరాకు ఊళ్ళకు పోయిన్రు. మస్తు పరేషాన్ అయితున్నది మేడం, మీ లాప్‌టాప్ ఇయ్యిండ్రి."

నా లాప్‌టాప్! నా నోట్లో పులిహోర అక్కడే ఆగిపోయింది. అది అమ్మవారి పాదాల దగ్గర, నేనే నా చేతులతో పెట్టివచ్చాను. సెలవు కోసం తవ్విన గోతిలో తాడు కూడా వెంట తీసుకుని దూకిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే.

"మేడం" అన్నాడు యాదగిరి ఆటోలోంచే, చేతులు జోడించి. "బిడ్డ రాత్రింబగళ్ళు గదే పనిమీదున్నది. ఉద్యోగం వస్తె సరే, లేకుంటె మా అక్కకు మాటిచ్చిన. జెర ఏదన్నా జేయుండ్రి."

నైటీ మీద చున్నీ కప్పుకుని ఆటో ఎక్కాను. ముందు కట్టిన నిమ్మకాయ తెగి చక్రం కింద పడ్డట్టుంది, బయల్దేరగానే చిట్లింది. నాకు అది శుభమో అశుభమో తెలియలేదు.

అనసూయమ్మ గారు అప్పుడే పారాయణం ముగించి లేచారు. నా అవతారం పైనుంచి కిందికి చూశారు. విషయమంతా చెప్పాను. ఆవిడ కొంగు ముడిని గుప్పిట్లో బిగించారు.

"ఎలా తీస్తామే? పూజలో ఉన్నవాటిని ఉద్వాసన చెప్పకుండా కదిలిస్తారా ఎవరైనా? నువ్వేగా పెట్టమన్నావు!"

"నేనే అన్నాను పిన్నిగారూ. కానీ పిల్ల భవిష్యత్తు..."

"పిల్ల భవిష్యత్తు కోసమే కదుటే పూజ! సగంలో లేపితే అమ్మవారికి కోపం రాదూ? రేపు ఆ పిల్లకు చదువంటకపోతే నన్నంటావా, నిన్నంటావా?"

యాదగిరి గడప అవతల నిలబడి అందుకున్నాడు. "అమ్మా, నా ఆటోకు సుత పొద్దుగాల పూజ జేసిన. కొబ్బరికాయ కొట్టిన గంటకే కిరాయి కొట్టిన. దేవుడు ఏమన్లేదు."

"నీ ఆటో ఆయుధం నాయనా. ఆయుధానికి పూజ చేసి వాడుకోవచ్చు. ఇది సరస్వతి."

"ఇది సుత పనిజేసే మిషినే గదమ్మా?"

"పేరు పెట్టి మరీ సరస్వతిగా పూజ చేశాం. ఇప్పుడు మిషనంటే ఊరుకుంటుందా?"

ఇక లాభం లేదని పురోహితులు గారికి ఫోను చేశాను. ఆయన ఏదో లారీల అడ్డాలో ఉన్నారు, వెనక హారన్లు, గుమ్మడికాయలు పగిలే చప్పుడు.

"ఇవాళ ఉద్వాసన ఏమిటమ్మా! సంకల్పం చెప్పుకుని కూర్చున్న పూజ దశమి వచ్చేదాకా కదలకూడదు. సంకల్పమంటే మాటలనుకున్నారా?" అని, ఇంకో లారీ ఎదురుచూస్తోందని పెట్టేశారు.

మమత ఏడవడం లేదు. మూసిన తలుపు వైపు చూస్తూ, ఒళ్ళో పెట్టుకున్న సంచీ మీద వేళ్ళతో నిశ్శబ్దంగా టైపు చేస్తోంది. ఆ వేళ్ళను చూడలేకపోయాను. మూడు రోజుల నిద్ర ఒక్క క్షణంలో విషంలా అనిపించింది.

అప్పుడు నవీన్ నోరు తెరిచాడు. "అమ్మమ్మా, సంకల్పం అంటే ఏంది?"

"ఏ కోరికతో పూజ చేస్తున్నామో మనసులో చెప్పుకోవడం నాయనా. అదే పూజకు ప్రాణం. అది శుద్ధంగా లేకపోతే పూజే కాదు."

"గట్లయితే ఈ పూజ ఎప్పుడో క్యాన్సిల్ అయింది అమ్మమ్మా. మేడం సెలవుల కోసం పెట్టిచ్చింది."

"నవీన్!" అన్నాను.

"నిజమే కద మేడం? ఫోన్లు వద్దన్నప్పుడే నాకు సమజైంది. మాకందరికి తెలుసు" అని మమత వైపు చూశాడు. మమత తల వంచుకుని, అవునన్నట్టు ఊపింది. యాదగిరి కూడా ఎందుకో ఆకాశం వైపు చూశాడు. వీధి మొత్తానికి తెలిసిన రహస్యాన్ని నేనొక్కదాన్నే దాచుకుంటున్నానన్నమాట.

అనసూయమ్మ గారు నా వైపు తిరిగారు. "నిజమేనటే?"

నైటీలో, నూనె తలతో, అబద్ధమాడినా నమ్మేవారెవరు? "నిద్ర కోసం పిన్నిగారూ" అన్నాను. "చాలా అలిసిపోయాను. ఒక్క మూడు రోజులు ఎవరూ మేడం అని పిలవకుండా ఉంటే చాలనుకున్నాను."

ఆవిడ తిట్టలేదు. "నీ సంకల్పం ఎలాంటిదైతేనేం, పీట మీద కూర్చున్నది నేను కదా" అన్నారు.

"అవును పిన్నిగారూ. మీరు శుద్ధంగానే కూర్చుని ఉంటారు" అన్నాను నిరాశగా.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు. "ఆ బోరు వేసే కంప్యూటరుంది చూశావూ..." అని ఆగారు.

"ఉంది."

"అది మా పడకగది గోడకే ఆనుకుని ఉంది. దాని చప్పుడుకీ, వీడి ఎస్సు నో కేకలకీ నేను మధ్యాహ్నం కన్ను మూసి ఎన్నాళ్ళయిందో. పూజలో పెడదామని నువ్వనగానే నా కళ్ళల్లో నీళ్ళు ఎందుకొచ్చాయనుకున్నావు?" ఆవిడ లెంపలు వేసుకున్నారు. "మహాతల్లీ, నీ ముందు కూర్చుని నిద్ర కోరుకున్నాను. చెంపలేసుకుంటున్నాను."

మమత లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. "అమ్మమ్మా, మా తోటి మీకు గంత తక్లీఫ్ అయితుంటే ఒక్క మాట జెప్పొచ్చు కద? మేం సప్పుడు జెయ్యకుండ ఉంటుంటిమి."

"పిల్లలు నేర్చుకుంటుంటే నిద్ర వస్తోందని ఎలా చెప్పనే?" అంటూ ఆవిడ కొంగు ముడి విప్పారు. "ఇద్దరం దొంగ పూజే చేశాం. దొంగ పూజకు ఉద్వాసన ఏమిటి? తియ్యండి తలుపు!"

లోపల బంతిపూలు వాడి, గదంతా గుడి వాసన. మా ఆఫీసు లాప్‌టాప్‌లో ఛార్జింగ్ లేదు, ఛార్జర్ ఆఫీసు సొరుగులోనే ఉండిపోయింది, ఇక దిక్కు పహిల్వానే. దాని దండ తీశాం, బొట్టు తుడిచాం. మీట నొక్కితే చడీచప్పుడూ లేదు. నవీన్ అలవాటుగా అరచెయ్యెత్తాడు.

"ఆగు!" అని కేకేశారు అనసూయమ్మ గారు. "మొన్ననే సరస్వతి అని పూజ చేసి, ఇవాళ కొడతావా?"

"కొట్టకుంటె లెవ్వదు అమ్మమ్మా!"

"ఎంత దొంగ పూజైనా కుంకుమ పెట్టిన చేతులు నావి. నువ్వు కొట్టడానికి వీల్లేదు."

గడియారం మూడు దాటింది. ఆవిడ పహిల్వాన్ ఎదురుగా నిలబడి, రెండు చేతులా దాన్ని తాకి కళ్ళకద్దుకున్నారు. "తప్పు కాయి తల్లీ" అన్నారు. ఆ తరువాత చీర కొంగు నడుముకు దోపి, పక్కన ఒక్కటిచ్చారు. ఎన్నాళ్ళ మధ్యాహ్నం నిద్ర బాకీ ఉందో అంతా ఆ దెబ్బలోకి దించారు. పహిల్వాన్ అదిరిపడి లేచింది. అంత తొందరగా అది ఎప్పుడూ లేవలేదు.

మమత మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే మీటలు కరకరలాడాయి. అడుగున అక్షింతలు! నొక్కితే లోపలికి దిగని మీట కొన్ని, దిగితే పైకి రాని మీట కొన్ని. కీబోర్డు తిరగేసి కొడితే పెళ్ళిలో తలంబ్రాలలా రాలాయి. మిగతావి నేను సేఫ్టీపిన్నుతో తీస్తుంటే, ఆ పిల్ల నా వేళ్ళ సందుల్లోంచి టైపు చేసింది. నవీన్ కీబోర్డు ఊదుతున్నాడు. యాదగిరి వీధిలో నిలబడి, హారన్ కొట్టిన ప్రతి బండినీ బతిమాలి పంపిస్తున్నాడు. అనసూయమ్మ గారు కళ్ళు మూసుకుని ఏదో జపం చేస్తున్నారు. ఈసారి సంకల్పం మాత్రం శుద్ధమైనదేనని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

నాలుగుకు కాస్త ముందు మమత చేతులు తీసేసింది. "అయిపోయింది మేడం" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఉల్లిగడ్డలు దగ్గరలో ఎక్కడా లేవు.

మర్నాడు దసరా. సాయంత్రం మమత జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కింది. ఆశీర్వదించడానికి నాకు సిగ్గేసింది. తరువాతి వారంలో ఉద్యోగం వచ్చిందని కబురు. యాదగిరి ఆటోలో లడ్డూల డబ్బాలు మా ఇంటికీ, అనసూయమ్మ గారింటికీ దింపి వెళ్ళాడు. పూజ విషయంలో ఆవిడ నాకు ప్రాయశ్చిత్తం విధించారు. దీపావళి దాకా గదికి ఒక్కరోజు కూడా సెలవు లేదు. మధ్యాహ్నం ఆవిడ పడుకునే వేళ తప్ప. బోరు వేసే కంప్యూటరును అవతలి గోడకు జరిపించారు.

మా ఆఫీసు లాప్‌టాప్ సంగతి అడగకండి. దాని సందుల్లోంచి ఈనాటికీ అప్పుడప్పుడూ పసుపు బియ్యం రాలుతూనే ఉందని తరువాత వచ్చిన అకౌంటెంట్ చెప్పింది.

అసలు సంగతి చివర్లో ఉంది. ఉద్యోగంలో చేరిన నెలకు, ఒక ఆదివారం మమత తనంతట తానే గదికి వచ్చింది. నేను బల్ల మీద తల ఆనించి ఉన్నాను. నా చేతిలోంచి మౌస్ మెల్లిగా లాక్కుంది.

"మేడం, ఐతారం ఐతారం క్లాస్ నేను జూసుకుంట. మీరు లోపటికి పోయి జెర పండుకోండి. నవీన్, ఎస్ కొట్టేముందు సదువుర!"

అనసూయమ్మ గారి పడకగదిలో ఆవిడ మంచం మీద, నేను చాప మీద వాలాం. గోడ అవతల చప్పుడు లేదు. మమత గొంతు ఒక్కటే నెమ్మదిగా వినిపిస్తోంది. కోరి కోరి దొరకని నిద్ర, ఎవరూ అడగకుండా వచ్చి కళ్ళ మీద వాలింది. అవి మూతపడబోతుండగా మంచం మీద అనసూయమ్మ గారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

"సుజాతా! మనం నిద్ర కోరుకున్నాం. నిద్ర వచ్చింది. అంటే పూజ ఫలించినట్టే కదుటే? పూజ చెల్లినట్టే కదా? అయితే మనం మధ్యలో కదిలించినట్టే! ఇప్పుడెలా?"

"పడుకోండి పిన్నిగారూ" అన్నాను. "మళ్ళీ కదిలించకండి."

అందుచేత పాఠకులారా, కుడిచేతిలో అక్షింతలు పట్టుకుని ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాకు సెలవు కావాలంటే సెలవు కావాలనే అడుగుతాను, మధ్యలోకి అమ్మవారిని పిలవను. అక్షింతలను మనుషుల నెత్తిన తప్ప మరి దేని మీదా చల్లను. ఇక వీధి సంఘం సమావేశంలో ఎంత పెద్ద ఆవలింత వచ్చినా సరే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకునే ఆవలిస్తాను.